మాస్టారికి మిగిలిన మాట

మాస్టారికి మాట పడిపోయిన వేళకి ఆయన భార్య దుకాణంలో కూర్చుని ఎవరిదో పాత కోటు లైనింగు విప్పుతోంది. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఇంటి ముందుగదినే దుకాణం చేసుకుంది. కొత్తబట్టలు కుట్టదు, ఉన్నవాటినే బాగుచేస్తుంది. పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన నడుములు వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం. "లోకంలో జనం లావెక్కుతూనో చిక్కిపోతూనో ఉంటారు కాబట్టి నా మిషనుకి ఢోకా లేదు" అని నవ్వేది.

బడి ప్యూను పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలాడు.

"అమ్మా, సారుకి... క్లాసులో... కొంచెం కళ్ళు తిరిగాయి."

ఆ 'కొంచెం' అతను పలికిన తీరులోనే సంగతి కొంచెం కాదని ఆమెకు అర్థమైపోయింది. మెడలో కొలత టేపు వేలాడుతుండగానే ఆస్పత్రికి పరుగెత్తింది.

క్లాసులో ఏం జరిగిందో ఆమెకు తర్వాత తెలిసింది. ఒక పిల్ల లేచి ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది. మాస్టారు బోర్డు మీద ఏదో రాస్తున్నారు. చేతిలో సుద్దముక్క జారి కిందపడింది. ఆ చప్పుడుకి పిల్ల చదవడం ఆపింది. "క్యారీ ఆన్" అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే. ఆయన ఎప్పుడూ అనేదే కాబట్టి పిల్ల మళ్ళీ అందుకుంది. రెండు వాక్యాలు పూర్తయ్యేలోగా ఆయన బోర్డుకి భుజం ఆన్చి, గోడకి తగిలించిన కోటు మేకు ఊడి జారినట్టు నేలకి జారిపోయారు.

ఆ రెండు ముక్కలంటే మాస్టారికి మొదట్నుంచీ వల్లమాలిన ఇష్టం. "పెద్దపెద్ద మాటలు ఎవరైనా బట్టీ పడతారు. ఈ చిన్నమాటల దగ్గరే అందరి బండీ బోల్తా పడేది" అనేవారు. ఏటా కొత్త పిల్లలు రాగానే మొదటి పాఠం అదే. "క్యారీ అంటే మోయడం. ఆన్ అంటే మీద. రెండూ కలిస్తే ఏమిటర్రా?" అని అడిగేవారు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేచి "నెత్తిన మోయడం సార్" అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. మాస్టారు మాత్రం నవ్వేవారు కాదు.

"వాడన్నది తప్పే. కానీ మరీ అంత తప్పు కాదు. ఎత్తుకున్నదాన్ని దించేయకుండా ముందుకి నడవడం, అదీ క్యారీ ఆన్ అంటే. చేస్తున్నది ఆపకు, కానివ్వు, సాగించు అని. అదే క్యారీ పక్కన ఔట్ చేర్చారనుకోండి, అప్పగించిన పని నెరవేర్చడం. ఔట్ బదులు ఎవే చేరిస్తే ఒళ్ళు మరిచి కొట్టుకుపోవడం. కొత్త కోడలొచ్చాక ఇంటి తీరే మారిపోయినట్టు, పక్కన చేరే చిన్నమాటని బట్టి క్రియ గుణమే మారిపోతుంది. కోడల్ని చిన్నచూపు చూడకండి!"

పిల్లలు చదువుతూ తడబడితే క్యారీ ఆన్. ఆయన్ని చూసి లేచి నిలబడితే క్యారీ ఆన్. ఇంట్లోనూ అంతే. టైలరమ్మ ఏదో చెబుతూ చెబుతూ సూదిలో దారం ఎక్కించడానికి ఆగితే, పేపరు దించకుండానే "ఊఁ, క్యారీ ఆన్" అనేవారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి బాగా వచ్చిన ఇంగ్లీషు ముక్క అదొక్కటే. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు కూడా క్యారీ ఆన్ మాస్టారే. ఆ పేరు ఆయనకి తెలుసు, తెలియనట్టు ఉండేవారు.

ఆస్పత్రిలో కుడిచెయ్యీ కుడికాలూ చచ్చుబడ్డాయన్నారు. మాట సంగతి చూడాలన్నారు. ఒకనాటి ఉదయం ఆయన కళ్ళు తేటపడి అటూ ఇటూ చూస్తుంటే కూతురు మంచం మీదికి వంగింది. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఊరికి ఆ చివర కాపురం, బీమా ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు గలగలా వాగుతుంటే తండ్రి పిచ్చిక అని పిలిచేవారు, పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ పిలుపు మారలేదు.

"నాన్నా, నేను. పిచ్చికని. నన్ను పిలు నాన్నా."

ఆయన పెదవులు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది. లోపల ఎక్కడో తలుపు నెడుతున్నట్టు మొహమంతా బిగుసుకుంది. తర్వాత, గంట కొట్టినంత స్పష్టంగా, "క్యారీ ఆన్" అన్నారు.

కూతురు ఏడుస్తూనే నవ్వింది. "అమ్మా, విన్నావా! తను మంచం మీద ఉండి మనకి ధైర్యం చెబుతున్నారు చూడు!"

టైలరమ్మకీ గుండెల మీంచి బండ దించినట్టయింది.

మాట నేర్పడానికి ఆస్పత్రివాళ్ళు ఒక థెరపిస్టుని పంపారు. చిన్న వయసు, బొమ్మల కార్డుల సంచీ, ఎప్పుడూ హడావిడి. ఆమె మొదటిరోజే తల్లీకూతుళ్ళని వరండాలోకి పిలిచి చెప్పింది.

"ఆంటీ, ఆయనకి అర్థం కావడం చాలావరకు బాగానే ఉంది. మాట తయారయ్యే చోట దెబ్బ తగిలింది. కొందరికి ఇలా బాగా అలవాటైన మాట ఒక్కటి మిగిలిపోతుంది. ఏం చెప్పాలనుకున్నా నోటికి అదే వస్తుంది. దాహమన్నా అదే, నొప్పన్నా అదే. మాటని పట్టుకోకండి, మొహాన్ని చూడండి."

ఇద్దరూ తల ఊపారు. కానీ తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు. మిగిలింది 'గొడుగు' అనో 'బెంచీ' అనో ఉంటే వాళ్ళకి ఆ సంగతి గుర్తుండేదేమో. మిగిలింది ఇది. ఎప్పుడు అన్నా సందర్భానికి సరిగ్గా అతికేది. థెరపిస్టు వేళ్ళకి వ్యాయామం చేయిస్తూ "చాలా సార్?" అంటే, "క్యారీ ఆన్." నర్సు సూదితో నిలబడి "కొంచెం ఓర్చుకోండి" అంటే, "క్యారీ ఆన్." నర్సులు వార్డులో పక్క మంచాలవాళ్ళకి ఆయన్ని చూపించి "పట్టుదలంటే అదీ" అని చెప్పుకునేవారు.

ఇంటికి తీసుకొచ్చాక టైలరమ్మ కొంగు బిగించింది. ఒక కుట్టు వంకరపోతే మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టే రకం ఆమె. దుకాణం తెరవకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా అద్దం పెట్టేది. కాగితపు ముక్కని నోటితో ఊదించేది. కార్డులు పరిచేది. తాళంచెవి, కప్పు, దువ్వెన, తలుపు.

"ఇదేమిటి? కప్పు. క... క... నా పెదాలు చూడండి. క."

"క్యారీ..."

"ఆఁ, ఆ మొదటి ముక్కే. క. అక్కడ ఆపండి."

"...ఆన్."

"సరే, మళ్ళీ."

ఇంగ్లీషులో ఉద్దండుడు అనిపించుకున్న మనిషికి తను అక్షరాలు దిద్దించాల్సి వచ్చిందే అని మొదట్లో ఆమెకి కష్టంగా ఉండేది. తర్వాత అదీ అలవాటైంది. ఆయన కళ్ళు మూసుకుంటే "నిద్రొద్దు" అని భుజం తట్టేది. మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని అద్దంవైపు తిప్పేది. "క్యారీ ఆన్! క్యారీ ఆన్!" అని ఆయన గొంతు పెంచితే "అదీ, అలా ఉండాలి" అని ఇంకో వరస కార్డులు తీసేది.

ఒకసారి, నీళ్ళగ్లాసు ఎదురుగా పెట్టి బతిమాలగా బతిమాలగా, "నీ" అన్నారు. అదొక్కటే, 'నీ'. ఆమె వీధిలోకి పరుగెత్తి ఎదురింటావిడకి చెప్పింది. కూతురు ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చేసింది. ఆ మర్నాడు మళ్ళీ అనిపించబోతే రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కానీ ఒకసారి వచ్చింది కదా, మళ్ళీ రాకేం చేస్తుందని తల్లీకూతుళ్ళకి ఆశ. ఆశ కొద్దీ రోజుకి మూడుసార్లు చేయించేది కాస్తా నాలుగుసార్లయింది.

ఈలోగా సంగతి ఊరంతా పాకింది. పాత విద్యార్థులు రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. ఒకప్పుడు క్లాసులో లేచి 'నెత్తిన మోయడం' అన్నవాళ్ళలో అతనూ ఒకడు. భార్య పోయి, చంటిపిల్లతో ఒంటరిగా పడుతున్న అవస్థంతా మాస్టారి మంచం పక్కన కూర్చుని చెప్పుకున్నాడు. మాస్టారు చాలాసేపు అతన్నే చూసి, నిట్టూర్చినట్టు, "క్యారీ ఆన్" అన్నారు. డ్రైవరు బావురుమన్నాడు. "అమ్మగారూ, ఇది చాలు నాకు" అని కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాడు. అతను పోయి నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ తలా మరో నలుగురికి. పరీక్ష తప్పినవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు, ఇంట్లో గొడవపడినవాళ్ళు, ఎవరికి వాళ్ళు వచ్చి ఆ మాట వినిపించుకుని కళ్ళు తుడుచుకుని పోయేవారు.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు గోడవైపు తిరిగి పడుకునేవారు. అలసటేమో అనుకునేది టైలరమ్మ.

చలికాలం వచ్చింది. చచ్చుబడిన కాలు మంచుగడ్డలా ఉంటోందని వేడినీళ్ళలో పెట్టమన్నారు. ఒక సాయంత్రం ఆమె బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఆయన రెండు పాదాలూ అందులో ఉంచి, కింద చతికిలబడి కూర్చుంది. నీళ్ళు చల్లారుతున్నాయనిపించి స్టవ్ మీది కెటిల్ తెచ్చి అంచునుంచి కొంచెం పోసింది.

"వేడిగా ఉందా? చాలా?"

"క్యారీ ఆన్."

ఇంకొంచెం పోసింది. ఆరోజు దుకాణంలో ఒకాయన వచ్చి, తన ప్యాంటు తను లావైనందుకు కాక ఉతకడం వల్లే బిగుతైందని వాదించిన వైనం చెబుతూ, నవ్వుతూ పోస్తోంది.

"క్యారీ ఆన్. క్యారీ ఆన్! క్యారీ ఆన్!"

"అబ్బ, మీ ఓపికే ఓపిక" అని ఆమె కెటిల్ ఇంకా వంచింది.

అప్పుడు ఆయన ఎడమచెయ్యి ఆమె జుట్టు పట్టుకుంది. గట్టిగా, పీకేసేంత గట్టిగా. ఉలిక్కిపడి తలెత్తింది. ఆయన మొహం కందగడ్డయింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. కెటిల్ పక్కకి విసిరేసి పాదాలు బయటికి లాగింది. పడిపోయిన కాలి మీద మడమనుంచి వేళ్ళదాకా ఎర్రగా పొంగి ఉంది. చచ్చుబడింది కదలికే కానీ నొప్పి కాదు. ఆ కాలు ఆయన తీసుకోలేరు.

ఎదురింటావిడ వచ్చి మందు రాసి, పెద్ద ప్రమాదమేం లేదు, బొబ్బ తేలి మానిపోతుందంది. ఆవిడ వెళ్ళాక టైలరమ్మ తడినేల మీదే కూర్చుండిపోయింది. ఆయన మంచం మీద చిన్నగా మూలుగుతున్నారు. మూలుగులోనూ అదే మాట.

"ఆపమన్నారా?" అంది ఆమె. "ఆపవే అని అరిచారా?"

"క్యారీ ఆన్" అన్నారాయన.

ఈ ఒక్కసారేనా? అద్దం ముందు గొంతు పెంచినప్పుడల్లా ఏమన్నట్టు? గడ్డం పట్టుకుని తిప్పినప్పుడు? ఆస్పత్రిలో సూది గుచ్చినప్పుడు? మొహాన్ని చూడండని ఆ థెరపిస్టు మొదటిరోజే నెత్తిన నోరు పెట్టుకుని చెప్పింది. రోజంతా ఆ మొహం ఎదురుగానే కూర్చుని తను చూసిందేమిటి? పెదాలు. ఎంతసేపూ పెదాలే.

మర్నాడు ఆమె దుకాణం తెరవలేదు. ఆయన ముందు బల్ల లాగి కార్డులు పరిచింది, ఒక్క కార్డు పేరూ అడగలేదు.

"ఏమండీ, నేను చెప్పేది వినండి. ఇవన్నీ ఇంకా చేద్దామంటే వీటి మీద చెయ్యి పెట్టండి. వద్దంటే తోసేయండి. నోటితో ఏం అనొద్దు. నేను వినను."

ఆయన ఆమెను చూశారు. కార్డుల్ని చూశారు. ఎడమచెయ్యి మెల్లిగా లేచి, బల్ల ఆ చివరనుంచి ఈ చివరికి, ముగ్గుపిండి ఊడ్చినంత నెమ్మదిగా, మొత్తం కిందికి తోసేసింది. ఆమె ఏరి మళ్ళీ పరిచింది, పొరపాటేమోనని. మళ్ళీ తోసేశారు. మూడోసారి పరచబోతుంటే ఆమె మణికట్టు పట్టుకుని ఆపారు. ఆ పట్టులో కోపం లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. ఆ చేతి మీదే తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

థెరపిస్టు వచ్చాక జరిగింది చెప్పింది. ఆ పిల్ల తీయబోతున్న కార్డుల్ని మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"నేనూ మరిచిపోయాను ఆంటీ. మీకు చెప్పినదాన్ని నేనే మరిచిపోయాను. ఆయన ఆ మాట అంటుంటే నాకే హుషారొచ్చేది."

"ఇంకా చేయిస్తే మాటొస్తుందా?"

"ఇంకో నాలుగైదు మాటలు రావచ్చు. రాకపోవచ్చు కూడా. చేస్తే తప్పులేదు, మానితే తప్పులేదు. అది నేను చెప్పేది కాదు."

"ఆయన చెప్పేశారు" అంది టైలరమ్మ.

కూతురికి చెప్పడం మాత్రం అంత సులువు కాలేదు. ఫోన్‌లో సంగతి విన్న సాయంత్రమే ఆమె చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది.

"ఆపేశావట?"

"ఆపేశాం."

"మేం అనకు. నువ్వు ఆపేశావు. విసిగిపోయావు, ఆ మాట చెప్పు."

"విసిగిపోయానే. అబద్ధమెందుకు? కానీ అందుకు ఆపలేదు."

"నాన్న జన్మంతా ఒక్కటే మాట నేర్పారు. ఇప్పుడూ అదే అంటున్నారు. నీకు వినపడట్లేదా? ఆపమని ఒక్కసారైనా ఆయన నోటితో అన్నారా?"

"ఎలా అంటారే పిచ్చిమొహమా! ఆపమని చెప్పడానికి కూడా ఆయన దగ్గర ఉన్నది ఆ మాటే కదా!"

మంచం మీద మాస్టారి కళ్ళు తెరిచే ఉన్నాయి. కూతురు అటు చూసి చప్పున చూపు తిప్పుకుంది. గొంతు తగ్గించి, చిన్నపిల్లలా అంది.

"నన్ను ఒక్కసారి పిచ్చికా అంటే చాలమ్మా. తర్వాత ఇంకేం మాట్లాడకపోయినా సరే. ఒక్కసారి."

కూతురు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ చేసి మందుల సంగతి అడిగేది, ఇంటికి మాత్రం రాలేదు.

టైలరమ్మ మాస్టారి కుర్చీని ముందుగదిలోకి, మిషను పక్కకి మార్చింది. ఆయన అక్కడ కూర్చుని వీధి చూసేవారు. అద్దం లేదు, కార్డులు లేవు. పాత విద్యార్థులెవరైనా వస్తే "సారు పడుకున్నారు" అని గుమ్మంలోంచే పంపేసేది. నిజానికి ఆయన వెనకే కూర్చుని ఉండేవారు. అబద్ధం పట్టుబడ్డా ఆమె లెక్కచేయలేదు. ఆమె కాజాలు కుడుతూ వీధిలో పోయేవాళ్ళ గురించి చెప్పేది. ఆయన అంటే అన్నారు, లేకపోతే లేదు. ఆయన ఆ మాట అనడం తగ్గిపోయింది. పూర్తిగా మానేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన మొహం ఒకప్పటిలా, పేపరు చదువుకుంటున్నప్పటిలా ఉండేది. ఇది సుఖమో, ఓడిపోవడమో ఆమెకి తెలియలేదు. రెండూ కావచ్చు అనుకుంది.

ఎండలు మొదలయ్యే రోజుల్లో కూతురు వచ్చింది. సంచీలోంచి తను సొంతంగా చేయించిన కార్డులు తీసింది. వాటి మీద తాళంచెవులూ కప్పులూ లేవు, ఇంట్లోవాళ్ళ ఫొటోలు. తల్లి ఏదో అనబోయి ఊరుకుంది. కూతురు వాటిని తండ్రి ఒళ్ళో పరిచింది. ఆయన చెయ్యి కదిలింది. అల్లుడు కింద పడ్డాడు. మనవలు కింద పడ్డారు. టైలరమ్మ కూడా కింద పడింది. కూతురి ఫొటో మిగిలింది. దాన్ని పట్టుకుని, వెలుతురులోకి ఎత్తి చూసి, చొక్కా జేబులో పెట్టుకోబోయారు. ఎడమచేత్తో ఎడమ జేబులోకి అది దూరలేదు. కూతురే పెట్టింది.

"క్యారీ ఆన్" అన్నారాయన, ఆమె మొహంలోకి చూస్తూ.

"అంటే ఏమిటి నాన్నా?" అంది కూతురు. "ఇప్పుడన్నదానికి అర్థం ఏమిటి?"

ఆయన మళ్ళీ అదే అన్నారు. ఆమె ఇంకేం అడగలేదు. కింద పడినవాళ్ళందరినీ ఏరి సంచీలో వేసుకుని, సాయంత్రందాకా ఆయన మోకాలికి తల ఆన్చి కూర్చుంది.

ఆ వేసవి దాటకుండానే మాస్టారు పోయారు. మధ్యాహ్నం, కుర్చీలోనే. టైలరమ్మ ఎవరివో పెద్ద కర్టెన్లకి అంచు కుడుతోంది. గదంతా మిషను చప్పుడు. ఆయన తల పక్కకి వాలితే కునుకనుకుంది. అంచు ఈ చివరికి వచ్చేదాకా కుట్టి, దారం తెంపి, "టీ పెట్టనా?" అంటూ తిరిగింది. ఆయన ఎప్పుడు వెళ్ళిపోయారో ఆమెకి తెలియదు. ఏమైనా అన్నారేమో, అన్నా మిషను చప్పుడులో వినబడి ఉండదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

బడిలో సంతాపసభ పెట్టారు. వేదిక వెనక ఆయన ఫొటో, దాని కింద పెద్ద అక్షరాల్లో ఆ రెండు మాటలూ. హెడ్మాస్టరు మాట్లాడుతూ, మంచం పట్టి కూడా చివరి క్షణందాకా అందరికీ ధైర్యం పంచిన మహానుభావుడన్నారు. చప్పట్లు కొట్టారు. కుటుంబం తరఫున కూతుర్ని పిలిచారు.

ఆమె వెళ్ళి మైకు ముందు నిలబడింది.

"మా నాన్న ఆ మాట తప్ప ఇంకే మాటా అనలేకపోయారు. అందుకని అన్నారు. కొన్నిసార్లు నీళ్ళడిగారు. కొన్నిసార్లు నొప్పన్నారు. చాలాసార్లు, ఇక చాలు, నన్ను వదిలేయండి అన్నారు. మేం చప్పట్లు కొట్టాం. అందరికంటే ఎక్కువ నేను కొట్టాను. ఆయన ధైర్యవంతులు కారని కాదు. మేం వినలేదని చెబుతున్నాను. అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గారు. టైలరమ్మ లేచి వెళ్ళి కూతుర్ని చెయ్యి పట్టి దింపుకొచ్చింది.

గేటు దగ్గర బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు, యూనిఫాంలోనే, పిల్లని ఎత్తుకుని. కూతురు అతన్ని చూసి తలదించుకుంది. "క్షమించండి. మీరు ఎంతో నమ్మకం పెట్టుకున్నారు."

అతను తల అడ్డంగా ఊపాడు. "సారు నాతో ఏం చెప్పబోయారో నాకు తెలియదమ్మా. నీ గోల ఆపి పోరా అన్నారేమో కూడా. కానీ ఆరోజు నాకు ఆ మాట కావాలి. ఆయన పెట్టారు, నేను తిన్నాను. ఇప్పుడు కక్కమంటే కక్కలేను."

టైలరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిల్ల బుగ్గ నిమిరి, "పద బాబూ, ఎండ పడుతోంది దానికి" అంది.

కూతురు ఆ రాత్రికి పుట్టింట్లోనే ఉండిపోయింది. తెల్లారి టైలరమ్మ లేచేసరికి తండ్రి మంచం మీద, ఉతకని దుప్పట్లోనే ముడుచుకుని నిద్రపోతోంది. లేపలేదు. ముందుగదిలోకి వచ్చి షట్టరు సగానికి ఎత్తిందో లేదో, ఎదురింటావిడ మనవరాలి బడి గౌను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. పిల్ల అమాంతం ఎదిగింది. రేపే బడి తెరుస్తున్నారు. అంచు విప్పి కొంచెం పొడుగు చేసిపెడతావా?"

టైలరమ్మ గౌను అందుకుంది. అలవాటుగా అంచు తిరగేసి చూసింది. లోపల రెండు వేళ్ళ మడత ఉంది. విప్పి ఇస్త్రీ చేసి తిరిగి కుట్టడానికి ఎంతోసేపు పట్టదు. ఇన్నేళ్ళలో చేతికొచ్చిన పనిని ఆమె కాదని పంపింది లేదు. పురిటిమంచం దిగిన వారానికే మిషనెక్కిన మనిషి.

గౌను నాలుగు మడతలు వేసి ఎదురింటావిడ చేతిలోనే పెట్టింది.

"ఇవాళ నావల్ల కాదమ్మా" అంది. "ఇవాళ కుట్టలేను. చౌరస్తాలో ఇంకో టైలరున్నాడు, అతనూ బాగానే కుడతాడు."

ఎదురింటావిడ తెల్లబోయింది. తర్వాత గౌను చంకలో పెట్టుకుని, ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, వెళ్ళిపోయింది. టైలరమ్మ షట్టరు కిందిదాకా దించి, చీకటిగదిలో తడుముకుంటూ లోపలికి నడిచి, కూతురి పక్కన ఉన్న కాస్త జాగాలో ఒత్తిగిలి పడుకుంది.